సలాడ్ ఎవరు చేశారు?

లూవీనియా అక్కకు,

మొబీల్ నుంచి నీ చెల్లెలు వెర్నెల్ రాసేది. దేవుడి దయవల్ల మేమిక్కడ బాగున్నాం. ఉక్క మాకంటే బాగుంది. డెట్రాయిట్‌లో నువ్వూ, బావా, మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

బావ రిటైరయ్యాడనీ, మంచు ఎత్తిపోసి విసుగొచ్చిందనీ, సొంత ఊరు వచ్చేస్తే ఎలా ఉంటుందో మంచీ చెడూ రెండూ రాయమనీ అడిగావు. చెడే ముందు రాస్తాను, నాకదే తేలిగ్గా వస్తుంది.

ఇక్కడి వాన సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు. ఉతికిన దుప్పటి ఆరిందనుకుని మడతపెడితే అల్మారా అంతా ముక్కిపోయిన వాసన. దోమలు మన చర్చి పాటగాళ్లకంటే శ్రుతిగా పాడతాయి. సెప్టెంబరు వచ్చిందంటే తుపానుకు భయపడి కిటికీలకు చెక్కలు కొట్టుకోవాలి. పెద్ద వీధి షాపుల తెల్లవాళ్లు ఇప్పుడు మన నల్లవాళ్లని ముందు గుమ్మంలోంచే రానిస్తారు గానీ, బయటికొచ్చేదాకా వాళ్ల కళ్లు మన చేతుల మీదే ఉంటాయి. బావ కోపం నీకు తెలుసుగా.

మంచి కూడా అడిగావు కనక చెప్పక తప్పదు. రొయ్యలు ఏ పూటవి ఆ పూటే దొరుకుతాయి. వసంతంలో అజేలియా పూలు మన వీధి కంచెలన్నీ కప్పేస్తాయి. వరండాలో కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి మీ అమ్మ ఎవరని అడుగుతారు, పేరు చెబితే ఇక కదలరు. అక్కడ నీ పక్కింటాయన పేరు నీకింకా తెలియదన్నావు. ఇక్కడ పక్కింటాయనకు రాత్రి తిన్నది అరగకపోతే తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది. అది మంచో చెడో నువ్వే తేల్చుకో.

చర్చిలో నన్నెవరైనా తలుచుకుంటున్నారా అని కూడా అడిగావు. ఎందుకు తలుచుకోరు? నా కడుపుమంటంతా అదేగా.

మన చర్చి భోజనాల్లో బంగాళాదుంప సలాడ్ గిన్నె మూత తీయగానే 'ఇదెవరు చేశారు' అని అడుగుతారు. చెప్పిన పేరు నచ్చకపోతే ఒక్క చెంచా తగ్గదు. అమ్మ పోయాక ఆ పేరు నాది కావడానికి ఏళ్లు పట్టింది. పోయిన ఆగస్టు భోజనాలకు నువ్వు పసుప్పచ్చ టోపీతో దిగావు. నేను బట్టలు ఇస్త్రీ చేస్తుంటే నా వంటింట్లోనే సలాడ్ కలిపేశావు. టాలివర్ మామ్మ రెండుసార్లు వడ్డించుకుంది. ఆ తరవాత నేను వింటుండగానే అంది:

"ఇన్నాళ్లకి మీ అమ్మ చేతి రుచి తగిలిందే లూవీనియా. వెర్నెల్‌ది కూడా బాగానే ఉంటుందిలే, పాపం."

మన ఊళ్లో నవ్వుతూ 'పాపం' అన్నారంటే ఏమిటో నీకు చెప్పాలా? అమ్మ మంచాన పడ్డన్నాళ్లూ చెంచాతో తినిపించింది నేను. టోపీ పెట్టుకుని చుట్టపుచూపుగా వచ్చింది నువ్వు. రుచి మాత్రం నీ చేతికి వచ్చింది. నాకు అసూయగా ఉందక్కా. అదింకా చల్లారలేదు.

అందుకే కిందటి ఉత్తరంలో అబద్ధం రాశాను. మన వీధిలో ఇళ్లు ఖాళీ లేవన్నాను. ఓడెస్సా పిన్ని ఇల్లు, మా గోడ పక్కదే, ఈస్టరు నుంచి అమ్మకానికుంది. వాళ్లబ్బాయి మీ అక్క వస్తుందా అని అడిగితే, వాళ్లకు డెట్రాయిటే ఇష్టమని చెప్పి పంపేశాను.

నిన్న ఆ ఇల్లు చూడ్డానికి ఎవరో ఆవిడ వచ్చింది. మంచి మనిషే. కంచె దగ్గర నిలబడి చాలాసేపు కబుర్లు చెప్పింది. ఆదివారం చర్చికి తనే సలాడ్ తెస్తానంది. అందులో ఎండుద్రాక్ష వేస్తుందట.

బంగాళాదుంప సలాడ్‌లో ఎండుద్రాక్ష! మన చర్చిలో ఎవరైనా ముట్టుకుంటారా? అమ్మ ఉంటే ఎలా నవ్వేదో గుర్తొచ్చింది. ఆ నవ్వు పంచుకుందామంటే ఈ వీధిలో నాకెవరున్నారు? ఆవిడ వెళ్లగానే ఓడెస్సా పిన్ని కొడుకు దగ్గరికి వెళ్లి, మా అక్క వస్తోంది, ఇల్లు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పొచ్చాను.

వచ్చెయ్. సలాడ్ మాత్రం నేనే చేస్తాను. అమ్మ నీకు చెప్పి నాకు చెప్పనిదేదో ఉంది కదా, అది మాత్రం ముందు నా వంటింట్లో తలుపేసుకుని నా చెవిలో చెప్పు.

ఇట్లు,
కుళ్లుకుంటూనే నీ కోసం ఎదురుచూసే
నీ చెల్లెలు వెర్నెల్