ఏడో భాగం విన్నావా అని అడిగావు

హెస్సిల్ రోడ్, హల్
అక్టోబరు 1983, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి లినెట్‌కి అమ్మ ముద్దులు, దీవెనలు.

ఇక్కడ నేనూ పిల్లీ కులాసా. పక్కింటివాళ్ళూ కులాసాయే, వాళ్ళ కుక్కకి మాత్రం కాలు బెణికింది. లండన్‌లో నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ చలిగదిలో కనీసం మేజోళ్ళయినా వేసుకుని పడుకుంటున్నావనీ నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చి పదిరోజులు దాటింది. వెంటనే రాయనందుకు తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, ఫరవాలేదు. కాని ఇది చివరిదాకా చదువు.

ముందు తేలికవాటికి జవాబులు చెప్పేస్తాను. దగ్గు తగ్గింది. వెనక కిటికీ సందులోంచి గాలి రాకుండా పాత తువ్వాలు కుక్కాను, మనిషిని పిలిచి బాగుచేయిస్తానులే. నువ్వు పంపిన కోటు భుజాల దగ్గర కాస్త వదులైంది గాని రంగు బాగుందని గురువారం కూటమికొచ్చే ఐవీ రెండుసార్లు ముట్టుకుని చూసింది. నాతో డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు కనబడుతున్నారా అన్నావు. శనివారాలు చేపల కొట్టు దగ్గర ఒకరిద్దరు కనబడతారు. రోడ్డుకి అటొకళ్ళం ఇటొకళ్ళం నిలబడి, గొంతు విప్పకుండా పెదాలు కదిపే మాట్లాడేసుకుంటాం. ఆ మెషిన్ల రొదలో అన్నేళ్ళూ అలాగే కదా కబుర్లాడుకున్నాం. చిన్నప్పుడు నువ్వు చూసి "మా అమ్మ చేపలా మాట్లాడుతుంది" అని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వేదానివి.

ఇక మా గురువారం కూటమి సంగతి. మీ రేడియో నాటకం "దూరపు రేవు" గురించి జనం ఏమంటున్నారో దాచకుండా రాయమన్నావు. ఎప్పట్లాగే లైబ్రరీ మేడమీద గదిలో చేరుతున్నాం. ఆదివారం రేడియోలో వచ్చిన భాగాన్ని హోరెస్ క్యాసెట్‌లో ఎక్కించి తెస్తాడు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు చూడు, ఆయనే. అందరం ఇంకోసారి విని, బిస్కట్లు నమిలి, కొట్టుకుంటాం. స్కూల్లో సైన్సు చెప్పే మాల్కమ్ వస్తాడు. నా ఈడుదే ఐవీ, అల్లిక పట్టుకుని వస్తుంది. నువ్వు రేడియోలో అమ్మమ్మ ఇంటిపేరు పెట్టుకున్నావు గనక, ఆ అంతరిక్ష నౌకలో డాక్టర్ హెస్టర్ పాత్ర వేసేది నా కూతురని వాళ్ళకి తెలీదు. చెబితే తిట్టడం మానేస్తారు. నీకు కావలసింది నిజం కదా.

మాల్కమ్‌కి ఇంకా ఆ ఇంజిను చప్పుడు మీదే కోపం.

"ఆకాశంలో గాలే లేదు. చప్పుడెలా వస్తుందండీ? మొదటి భాగం నుంచీ మొత్తుకుంటున్నాను" అన్నాడు.

"చప్పుడు లేకపోతే రేడియో పెట్టుకుని ఏం వినమంటావు నాయనా, నీ పాఠమా?" అంది ఐవీ.

"నౌక లోపల గాలి ఉంది కదయ్యా. లోపలున్నవాళ్ళకి వినబడుతుంది" అని హోరెస్ సర్దబోయాడు.

"అయితే మైకు నౌక బయట ఎందుకు పెట్టారు?"

"చూసొచ్చావా?" అంది ఐవీ. మాల్కమ్ మీసం కింద నవ్వుకుని బిస్కట్ తీసుకున్నాడు.

కెప్టెన్ రూక్ పాత్రని ఏడో భాగంలోనే చంపేయడం హోరెస్‌కి నచ్చలేదు. ఇంకా బోలెడు కథ ఉండగా నౌకని ఎవరు నడుపుతారని ఆయన బెంగ. చిన్న మిస్త్రీ పాత్ర వేసిన కుర్రాడు ప్రతి మాటకీ రొప్పుతాడనీ, వాడికి మెట్లెక్కడం తప్ప వేరే పనిచ్చినట్టు లేదనీ అందరూ ఒప్పుకున్నారు. అది వాడికి చెప్పకు.

కెప్టెన్ పోయే ఘట్టం దగ్గర మాత్రం నిజంగానే మాటామాటా పెరిగింది. మాల్కమ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "చావబోతున్న మనిషితో తలుపుల సంగతి ఎవరైనా మాట్లాడతారా? పక్కన కూర్చున్నది డాక్టరా, వాచ్‌మనా? ఒక్క ప్రేమ మాట లేదు" అన్నాడు. ఐవీ అల్లిక కిందపెట్టి కళ్ళు తుడుచుకుంది. "నీకు పెళ్ళి కాలేదు, నీకేం తెలుసు" అంది. హోరెస్ క్యాసెట్ వెనక్కి తిప్పి, ఆ ముక్క మళ్ళీ వేశాడు. అది అయ్యాక ఆయన మళ్ళీ వేశాడు.

నేను వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాను. తల్లీ, తలుపుల సంగతి అని తప్ప ఆ మాటలేమిటో నాకు తెలీదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకొస్తాను. నీ ఉత్తరంలో ఆ చోట సిరా చెదిరింది, ఏడ్చావని తెలిసింది. "అమ్మా, ఏడో భాగం విన్నావా? ఆగస్టులో ఫోన్‌లో నిన్నడిగాను, నువ్వు సరే అన్నాకే ఆ మాటల్ని నాటకంలో పెట్టించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. నీకు కోపమొస్తే ఒక్క మాట రాయి. అంతేగాని ఇలా మాట్లాడకుండా ఉండకు" అని రాశావు.

చదివి తెల్లబోయాను. నువ్వు నన్నేమడిగావో, నేను దేనికి సరే అన్నానో నాకు తెలీదు. ఆ రోజు ఫోన్‌లో నువ్వు చాలాసేపు మాట్లాడావు. నాకు వినిపించిందల్లా కెటిల్ మరుగుతున్నట్టు ఒక బుసబుస. ఎక్కడ ఆగితే అక్కడ "ఊఁ" అన్నాను. చివర్న నువ్వు గొంతు ఎత్తినట్టనిపించింది, అడుగుతున్నావేమో అనుకుని "సరే అమ్మా, సరే" అని పెట్టేశాను. తర్వాత భయమేసింది. ఇంకోసారి ఏం అడుగుతావో, దేనికి సరే అంటానో అని ఫోన్ ఎత్తడం మానేశాను.

నాకు చెవులు పోయాయి లినెట్.

ఒక్కసారిగా పోలేదు. ఫ్యాక్టరీ రోజుల్లోనే మొదలైంది, మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చాను, మీ నాన్నకి కూడా తెలియనివ్వలేదు. వసంతంలో ఆసుపత్రికి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ మంచి మనిషి, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. లోపలి నరాలు అరిగిపోయాయట, తిరిగి రావట. చెవికి పెట్టుకునే మెషిన్ ఇచ్చింది. పెట్టుకుంటే చెంచా చప్పుడు పిడుగులా పడుతుంది గాని మాట విడిపడదు. ఇప్పుడు ఎడమ చెవిలో అరిస్తే కొంచెం. అదీ వచ్చే ఏడాదికి ఉండదంది.

మనుషుల ముందు ఎలాగో నెగ్గుకొస్తున్నాను. క్యాసెట్‌కి పెదాలుండవు కదా. ఫోన్‌కీ ఉండవు. మూడో భాగం వచ్చినప్పుడు రేడియోకి చెవి ఆనించి, ఇదిగో ఇది నా కూతురు అని మురిసిపోయాను. అది నువ్వు కాదట, నౌక వంటగదిలో పనిచేసే పాత్ర వేసిన ఇంకో అమ్మాయట. మర్నాడు మార్కెట్‌లో ఐవీ మాటల్లో తెలిసింది. ఆ రోజు ఏమీ కొనకుండానే ఇంటికొచ్చేశాను. నిన్ను కన్నదాన్ని, నీ గొంతు పోల్చుకోలేకపోయాను.

నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే ఆ పని వదిలేసి వస్తావు, అందుకు. ఇన్నాళ్ళకి నీకు దొరికిన మంచి పాత్ర. పైగా, నువ్వు గొంతుతో బతికేదానివి, దాన్ని నేను వినలేనని నీతో ఎలా అనను?

కాని నీ ఉత్తరానికి జవాబు చెప్పాలంటే ఆ మాటలేమిటో తెలియాలి. ఆ గురువారం కూటమి అయ్యాక హోరెస్‌తో పాటు బస్‌స్టాపుకి నడిచాను. వాన పడుతోంది. షెల్టరులో ఇద్దరు ఆడవాళ్ళు సంచులతో ఉన్నారు, ఒకాయన చిప్స్ తింటున్నాడు.

"హోరెస్, డాక్టరు కెప్టెన్‌తో ఏమంది? ఆ మాటలు నాకు చెప్పండి" అన్నాను.

ఆయన ఏదో అన్నాడు. షెల్టరులో దీపం లేదు, పెదాలు కనబడలేదు.

"గట్టిగా చెప్పండి. నాకు వినబడదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎన్ని గురువారాలు వాళ్ళతో కూర్చుని తలూపానో అప్పుడు లెక్కేసుకుని ఉంటాడు. నా ఎడమ చెవి దగ్గరికి వంగి, బస్సులో టిక్కెట్లు టిక్కెట్లు అని అరిచిన ఆ గొంతుతోనే అరిచాడు.

"గాలి తలుపులు మూశాను!"

చిప్స్ ఆయన తినడం ఆపాడు.

"ఇంజిన్లు ఆపేశాను! చిన్న పడవలు రెండూ లోపలికొచ్చాయి! అందరూ లోపలే ఉన్నారు!"

"ఆ తర్వాత?"

"ఇక నువ్వు లేచి చూడాల్సిందేమీ లేదు! పడుకో!"

ఆ ఆడవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని పక్కకి జరిగారు. నేను అక్కడ బెంచీ మీద కూలబడ్డాను.

లినెట్, మీ నాన్న పోయిన మధ్యాహ్నం నువ్వు టీ పెడతానని కిందకి వెళ్ళావు. వెళ్ళావనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మెట్ల మీదే ఉండిపోయావన్నమాట. ఆయన లేవబోతున్నాడు, ఒంట్లో ఓపిక లేకపోయినా దుప్పటి తోసేస్తున్నాడు. రోజూ పడుకునేముందు ఇల్లంతా చూసుకునే మనిషి కదా. అందుకే అన్నాను, పెరటి తలుపు వేశాను రెజ్, గ్యాస్ కట్టేశాను, పిల్లి లోపలికొచ్చింది, లినెట్ సైకిలు లోపల పెట్టింది, ఇక నువ్వు లేచి చూడాల్సిందేమీ లేదు, పడుకో. ఆయన చెయ్యి దుప్పటి వదిలేసింది.

ప్రేమ మాట చెప్పాలని నాకు తోచలేదు. తర్వాత చాలాకాలం దానికి కుమిలిపోయాను. చివరి నిమిషంలో గ్యాస్ సంగతి చెప్పి పంపానే అని.

హోరెస్ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన ఎక్కలేదు. "ఆ డాక్టరు మీకెవరమ్మా?" అని నెమ్మదిగా, ఈసారి తన ముఖం వీధిదీపం వైపు తిప్పి అడిగాడు. "డాక్టర్ హెస్టర్ నా కూతురు" అన్నాను. ఆయన టోపీ తీసేశాడు. "నా భార్య పోయినప్పుడు నేను ఆసుపత్రి వరండాలో నిలబడి గోడ చూస్తున్నాను. ఏం మాట్లాడాలో తెలీక లోపలికెళ్ళలేదు. ఇది ముందే విని ఉంటే వెళ్ళేవాణ్ణి" అన్నాడు. మాల్కమ్‌కి ఎంత నచ్చకపోయినా, నువ్వు ఇది గుర్తుపెట్టుకో.

నీ మీద నాకు కోపం లేదు. ఆ మాటలు నీవి కూడా. సరే అన్నది వినకుండా అన్నాను, ఇప్పుడు తెలిసి అంటున్నాను. సరే.

మొన్న గురువారం లైబ్రరీకి వెళ్ళకూడదనుకున్నాను. హోరెస్ వచ్చి తలుపు కొట్టలేదు, పాపం, కిటికీ ముందు చేతులూపుతూ నిలబడ్డాడు. వెళ్ళాను. వాళ్ళందరికీ చెప్పేశాడు, నా చెవుల సంగతీ, నీ సంగతీ. ఐవీ నన్ను కావలించుకుని ఏదో అంది, నా భుజంలోకి అంది గనక నాకు తెలీలేదు. మాల్కమ్ కిటికీ పక్క వెలుగులో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మనిషిని ముందు పోల్చుకోలేదు. పెళ్ళీడు నుంచీ పెంచుకున్న ఆ మీసం గీయించేసుకొచ్చాడు, పైపెదవి తెల్లగా, పసిపిల్లాడి బుగ్గలా ఉంది.

"కనబడుతోందా?" అన్నాడు.

"కనబడుతోంది."

"నాకు ఆ ఘట్టం ఇప్పటికీ నచ్చలేదండీ. మీ అమ్మాయికి రాయండి."

"రాస్తాను."

మాల్కమ్ హోరెస్‌కి సైగ చేశాడు. క్యాసెట్ తిరిగింది. దానితో పాటు, ఒక్క మాట వెనకపడకుండా, మాల్కమ్ నీ మాటలన్నీ పెదాలతో పలికాడు. ఇంట్లో ఎన్నిసార్లు సాధన చేశాడో. "పడుకో" అన్న దగ్గర కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ చివరి మాట నేను సరిగ్గా చూడలేదు.

మాటలు అందాయి లినెట్. వాటికి గొంతు నేను పెట్టుకోవాలి. ఎంత వెతికినా నీ ఇప్పటి గొంతు నాకు దొరకడం లేదు. వచ్చిందల్లా నీ తొమ్మిదేళ్ళప్పటిది, జలుబుతో ముక్కు మూసుకుపోయి, పెరట్లోంచి ఆకలేస్తోందని అరిచే గొంతు. ఆ గొంతే మీ నాన్నని పడుకోమంటోంది. అది తప్పని తెలుసు. నువ్వు పెద్దదానివయ్యాక చేసినవేవీ అందులో లేవు. కాని నా దగ్గర ఉన్నది అదొక్కటే, దాన్నీ ఎంతకాలం ఉంచుకుంటానో.

ఇట్లు,
నీ మాట కోసం నీ ముఖం చూడాలనుకునే
మీ అమ్మ థెల్మా