మూడో షెడ్డు స్విచ్

మే 4, సోమవారం
లైనక్స్ సర్వర్ లేచింది. పాండేసరాలోని మా మిల్లు లూమ్ షెడ్లలో కెమెరాలు, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు అన్నీ ఇక నా స్క్రీన్ మీదే. నడుస్తుంటే పచ్చ, ఆగితే ఎరుపు. పదిహేనున మధ్యాహ్నం మిల్లు యజమాని సేఠ్‌కి డెమో. అది బాగా జరిగితేనే నేను పర్మనెంట్.

మే 6
మధ్యాహ్నం మూడో షెడ్డు స్విచ్ ఎర్రబడింది. అరగంటకి దానంతట అదే పచ్చబడింది.

మే 7
మళ్ళీ.

మే 8, శుక్రవారం
మళ్ళీ! టైమౌట్ పెంచాను, కాన్ఫిగ్ మొత్తం తిరగరాశాను. లాభం లేదు. తప్పు నా సెటప్‌లోనే ఉందన్నారు మా మేనేజర్ కిశోర్ సర్. డెమోలో ఇలాగే అయితే వేరే మనిషిని చూసుకుంటామని ఎంత నిదానంగా చెప్పారో. తిట్టినా బాగుండేది.

నాన్న లూమ్ నడిపేది ఆ షెడ్డులోనే. గోడమీది స్విచ్ డబ్బాని ఎవరైనా ముట్టుకుంటున్నారా అని ఇంట్లో ఆయన్ని అడిగాను, నా నౌకరీ పోయేలా ఉందని ఏడ్చాను. నాకేం ఎరుక బిడ్డా, గా చప్పుడుల ఎవలు జూస్తరు అన్నాడు. అన్నం సగంలో లేచిపోయాడు.

మే 12
శనివారం నుంచీ పచ్చే. కిశోర్ సర్ శభాష్ అన్నారు. ఏం చేసి బాగుచేశానో నాకే తెలీదు. అదే భయం.

మే 13, బుధవారం
ఉండబట్టలేక షెడ్డుకి వెళ్ళాను. స్విచ్ కింద ఒకే సాకెట్. పక్కన నేలమీద చిన్న ఫ్యాన్, వైరు చుట్టి ఉంది.

నాన్న పక్క లూమ్ సంపత్ మామ చెప్పాడు. ఎండలకు మీ నాయనకు కండ్లు తిరుగుతున్నయ్, తిన్నంక డబ్బా ప్లగ్గు గుంజి గీ పంక కింద జర పండుకునేటోడు, శనివారం నుంచి బంద్ వెట్టిండు, బిడ్డ నౌకరీ పోతదట అన్నడు. నిన్న లూమ్ మీదికే ఒరిగిండు, మేం పట్టుకున్నం. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోవచ్చుగా అని నేనడిగితే, సూపర్వైజర్ గుంజి పారేస్తడట.

నేను శభాష్ అనిపించుకున్న పచ్చ ఇదా! ఛీ.

కిశోర్ సర్‌కి చెప్తే కెమెరాలు ఆపింది నాన్నేనని తెలుస్తుంది. అదే రోజు ఆయన్ని గేటు బయట నిలబెడతారు.

మే 14
ఘారీ మిఠాయి పొట్లం కొనుక్కుని ఇంటికొచ్చాను. డెమో ఇవాళే అయిపోయింది, పర్మనెంట్ అయ్యాను, ఆ డబ్బా ఎంతసేపు ఆగినా ఇక ఎవరూ అడగరు అని నాన్నకి అబద్ధం చెప్పాను. అమ్మని పిలిచి, జమునా, మన బిడ్డ గెలిచిందే అన్నాడు. నోరంతా ఘారీ, కళ్ళనిండా నీళ్ళు. నా వాటా కూడా ఆయన ప్లేట్లోనే వేశాను.

మే 15, శుక్రవారం
సేఠ్ చూస్తుండగానే మూడో షెడ్డు ఎర్రబడింది. నా సెటప్ తప్పే సర్ అన్నాను.

ఇప్పుడప్పుడే పచ్చబడకూడదని స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.