నిలబడ్డవాడికి మొదటి పళ్ళెం

మేకన్,
మార్చి 11, సోమవారం.

చిరంజీవి జూలియన్‌కు,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, అమ్మా క్షేమం. నా మోకాళ్ళు మాత్రం వానకు ముందే వాన సంగతి చెబుతున్నాయి. నువ్వు వేళకు తింటున్నావని, నిద్రపోతున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చేత్తో రాసినందుకు సంతోషం. ఫోనులో నొక్కి పంపేవాటిని నేను ఉత్తరాల కింద జమకట్టనని నీకు తెలుసు. రెండు పేజీలు రాశావు. అందులో ‘సంప్రదాయం’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. టెరెల్ అన్న పేరు ఒక్క చోటే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

చర్చిలో ఈస్టరు పాటలు మొదలయ్యాయి. పై శ్రుతి పాడే సోప్రానోలు ఎప్పటిలాగే పియానో కంటే ముందు పరిగెడుతున్నారు. మీ నాన్న వెనక వసారా కప్పు బాగుచేశాడు. ఇప్పుడు ఇంకో చోట కారుతోంది. నిన్న ఆదివారం రాస్కో తాత భోజనానికి వచ్చాడు. క్యాట్‌ఫిష్ వేపుడు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె తిని, పళ్ళెం ముందుకు తోసి కూర్చున్నాడు.

“బావ పోయాక ఈ ఇంట్లో పనివాళ్ళ కొరత వచ్చిందక్కా. ఇప్పుడు నా పళ్ళెం ఎవరు కడగాలి?”

“నీకు చేతులున్నాయి కదరా.”

“ఉన్నాయి, కానీ పాడైపోయాయి. ఇన్నేళ్ళు కడిగి కడిగి నన్ను పాడుచేసింది మీ ఆయనే.”

నీకు గుర్తుండే ఉంటుంది. రాస్కో వచ్చినప్పుడల్లా మీ తాతయ్య చొక్కా చేతులు పైకి మడిచి గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడేవాడు. నువ్వు చిన్నప్పుడు ఎందుకని అడిగితే, తాతయ్యకు నీళ్ళంటే సరదా అని నేనూ, రాస్కో బద్ధకస్తుడని మీ నాన్నా చెప్పేవాళ్ళం. నువ్వు పెద్దవాడివయ్యాక అడగడం మానేశావు.

ఇక నీ ప్రశ్నలు. నెలాఖరు శనివారం కొత్తవాళ్ళను మీ కాలేజీ విద్యార్థి సంఘంలో చేర్చుకునే రాత్రి చదవడానికి సంఘం చరిత్ర రాసి పంపమన్నావు. ఆరుగురు స్థాపకుల పేర్లూ, ఊర్లూ, తేదీలూ నీకు కంఠతా వచ్చు. గోడ మీద ఇత్తడి పలకకెక్కిన విలువలూ వచ్చు. వాటిని నేను మళ్ళీ రాయను. పలక మీద లేనిది, మీ తాతయ్య తన పెద్దల దగ్గర విన్నది రాస్తాను.

ఆ ఆరుగురూ పగలు చదువుకుని, సాయంత్రాలు నది ఒడ్డున తెల్లవాళ్ళ హోటల్లో వడ్డించేవాళ్ళు. పళ్ళేలు మోస్తూ నిలబడే ఉండాలి. వెనక మెట్ల మీదైనా కూర్చుంటే పని పోయేది. అందుకే దర్జీ కొట్టు మీద గది అద్దెకు తీసుకున్నారు. పాత తలుపొకటి రెండు పీపాల మీద పరిచి బల్ల చేసుకున్నారు. సంఘం పేరు, దానికి గుర్తైన గ్రీకు అక్షరాలు, ముద్ర, ఇవన్నీ ఇంకా పుట్టలేదు. మొదట పుట్టింది ఒక్క నియమం. ఈ గదిలో ఎవరూ నిలబడి ఉండకూడదు. ఆలస్యంగా, అలసిపోయి వచ్చినవాడు ముందు కూర్చుంటాడు. మొదటి పళ్ళెం అతనికే. అందరికంటే పెద్దవాడు ఏప్రన్ కట్టుకుని వడ్డిస్తాడు, అందరూ తిన్నాక గిన్నెలు కడుగుతాడు.

మీ తాతయ్య చేరిన రాత్రి ఆయనకు వడ్డించినవాడు ఒక డాక్టరు. సూటు మీద ఏప్రన్ కట్టుకున్న పెద్దమనిషి. “మా నాన్న ఎవరి పొలంలోనో పత్తి ఏరేవాడు, వెర్డెల్. సూటు వేసుకున్న మనిషి నా ముందు వంగి, ఇంకొంచెం కూర వెయ్యనా బాబూ అని అడుగుతాడని కలలో కూడా అనుకోలేదు. మెడ ఎటు తిప్పుకోవాలో తెలీలేదు” అని నాతో అనేవాడు. ఆ రాత్రి ఏం తిన్నాడో మాత్రం ఎంత అడిగినా చెప్పలేకపోయేవాడు.

చరిత్ర ఇంతే. ఇది చదవడానికి ఎక్కువసేపు పట్టదు.

రెండో ప్రశ్న. “నేను చేసింది తప్పు కాదు కదా నానమ్మా?” అని రాశావు. అది ప్రశ్న కాదు, నా చేత సంతకం పెట్టించుకోవడం. ఏం జరిగిందో నీ మాటల్లోంచే వరసగా పెడతాను, నువ్వే చదువుకో. కొత్తవాళ్ళ బాధ్యత ఈ ఏడు నీది. ఒకటో తేదీ శుక్రవారం భోజనాల బల్ల దగ్గరికి టెరెల్ ఆలస్యంగా వచ్చాడు. కోడి వేపుళ్ళ దుకాణంలో పని ముగించుకుని, ఆ దుకాణం టోపీతోనే, నూనె వాసనతో వచ్చాడు. నువ్వు స్థాపకుల పేర్లు అప్పజెప్పమన్నావు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. అందరూ తినేదాకా కుర్చీ వెనక నిలబడమన్నావు. కాసేపు నిలబడి, కొత్తవాళ్ళ రిబ్బను విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరో “పోతే పోనీరా, మనకో పళ్ళెం మిగిలింది” అన్నారు. అందరూ నవ్వారని రాశావు. నువ్వు నవ్వావో లేదో రాయలేదు.

అతను మరిచిపోయిన ఆ నాలుగో మనిషి కూడా రోజూ హోటలు నూనె వాసనతోనే గదికి వచ్చేవాడు, జూలియన్. అతని పేరు తెలిసినవాళ్ళందరూ కూర్చున్నారు. అతనిలా బతుకుతున్నవాడు ఒక్కడే నిలబడ్డాడు.

మూడోది, తాతయ్య సంఘం పిన్ను. కొత్తవాళ్ళను చేర్చుకునే రాత్రి కోటుకు పెట్టుకుంటానన్నావు. పిన్ను పంపడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పని సంగతి చెప్పాలి.

నేనూ మీ తాతయ్యా చర్చి వనభోజనాల్లో కలిశామని ఇంట్లో అందరూ అనుకుంటారు. కాదు. ఆయన మా గుమ్మంలో కలిశాడు.

రాస్కో కూడా అదే కాలేజీలో చేరాడు, అదే సంఘంలో చేరబోయాడు. నీకు తెలిసిన రాస్కో తాత ‘నాకు సంఘం అక్షరాలు లేవు, చుట్టరికం మాత్రమే ఉంది’ అని నవ్విస్తాడు కదా, ఆ అక్షరాలు ఎందుకు లేవో ఇదీ కథ. వాడు సాయంత్రాలు హోటలు వంటింట్లో గిన్నెలు తోమేవాడు. ఒక రాత్రి ఆలస్యంగా వెళ్ళి, అలసటలో రెండు పేర్లు తారుమారు చేశాడు. అప్పటికే పాత నియమం చేర్చుకునే రాత్రికే మిగిలింది, మిగతా రోజుల్లో తలకిందులైంది. కొత్తవాళ్ళ మీద పెత్తనం ఆ ఏడు ఒక చురుకైన కుర్రాడిది. “కుర్చీ వెనక నిలబడు, నేర్చుకుంటావు” అన్నాడు. రాస్కో ఆ రాత్రే ఇంటికి వచ్చేసి గదిలో తలుపు వేసుకున్నాడు.

ఆ చురుకైన కుర్రాడు మీ తాతయ్య.

తర్వాతి ఆదివారం మేము భోజనాలకు కూర్చుంటుండగా తలుపు చప్పుడైంది. మా అమ్మ తీసింది. సంఘం అక్షరాల కోటు, చేతిలో టోపీ.

“ఎవరయ్యా నువ్వు?”

“ఆంబ్రోస్ అంటారండీ. రాస్కోతో మాట్లాడాలి.”

“మా వాణ్ణి నిలబెట్టింది నువ్వేనా?”

“నేనేనండీ.”

అమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. “లోపలికి రా. కూర్చో. మా ఇంట్లో భోజనాల వేళ ఎవర్నీ నిలబెట్టం” అంది. పళ్ళెం నిండా పెట్టింది. ఆ ముద్దలు మింగడానికి ఆయన పడ్డ అవస్థ నేను ఎదురుగా కూర్చుని చూశాను. తిన్నాక లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, అడక్కుండానే తొట్టి దగ్గరికి వెళ్ళాడు. గది లోపలి నుంచి రాస్కో అరిచాడు.

“అక్కా, పళ్ళెం అంచు కింద కూడా రుద్దమను! మేం హోటల్లో అలాగే రుద్దుతాం.”

ఆయన పళ్ళెం తీసి మళ్ళీ రుద్దాడు. తర్వాతి ఆదివారం కూడా వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. చివరికి ఒకరోజు రాస్కో గదిలోంచి తన పళ్ళెం తెచ్చి తొట్టిలో పడేసి, “ఇదీ కడుగు” అన్నాడు. ఆయనతో వాడు మాట్లాడిన మొదటి మాట అది. నాకు పెళ్ళి మీద ఆశ పుట్టింది కూడా ఆ రోజే.

రాస్కో మాత్రం ఆ సంఘం మెట్లు మళ్ళీ ఎక్కలేదు. “బావని క్షమించాను. ఆ కుర్చీని క్షమించలేదు” అంటాడు. మీ తాతయ్య అక్కడ ఉన్నన్నాళ్ళూ పాత నియమం నిలబెట్టాడు. ఆయన వచ్చేశాక అది మళ్ళీ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాక పోయిందని తెలిసింది.

ఇది రాస్కో సంగతి కాబట్టి ఇన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు. నిన్న నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. హాస్యమంతా పోయింది. “చెప్పెయ్ అక్కా. బావ ఉంటే తనే చెప్పేవాడు” అన్నాడు.

ఈ కవరుతో పాటు ఒక పొట్లం వస్తుంది. అందులో తాతయ్య ఏప్రన్ ఉంది. ఉతికి ఇస్త్రీ చేశాను. ఆ నెలాఖరు శనివారం లోపల టెరెల్ ఇంటికి వెళ్ళు. సంఘం కోటు వేసుకుని వెళ్ళు, ఎక్కడి నుంచి వచ్చావో వాళ్ళకు తెలియాలి. అతన్ని వెనక్కి తీసుకురావడానికి వెళ్ళకు. రావాలో వద్దో అతని ఇష్టం. రాకపోతే ఆ రాకపోవడాన్ని నువ్వు మోయాలి. వాళ్ళమ్మ తలుపు తీస్తే నువ్వెవరో, ఏం చేశావో నీ నోటితో చెప్పు. సంప్రదాయం అనే మాట వాడకు. పళ్ళెం పెడితే తిను. పెట్టకపోతే గుమ్మంలో నిలబడు, అదెలా ఉంటుందో నీకూ తెలియాలి.

ఆ శనివారం రాత్రి ఏప్రన్ నువ్వే కట్టుకో. మిగతావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

నాకు జవాబు రాసేటప్పుడు టెరెల్ ఏమన్నాడో రాయకు, అది అతని సొంతం. గిన్నెలు ఎవరు కడిగారో రాయి. అది చదివాక పిన్ను సంగతి చూస్తాను. నువ్వు చేయగలవన్న నమ్మకం లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇట్లు,
ఆ గుమ్మంలో మీ తాతయ్యను మొదటిసారి చూసిన
నీ నానమ్మ,
వెర్డెల్.

తా.క. కవరు అంటిస్తుంటే రాస్కో తాత ఫోను చేశాడు. అంచు కింద కూడా రుద్దమని చెప్పమన్నాడు.