ట్రాక్టరు పడిన చోటు

1961 మార్చి 6, సోమవారం

ట్రాక్టరు వచ్చి నాలుగు రోజులు. ఊరంతా వచ్చి చూసి పోయింది, మా ఆయన అన్న, మా బావ తప్ప. రాకపోతే పోయె! నా మెడలోవి, చేతులవి అమ్మి కొన్నాను. ఆయన చూడకపోయినంత మాత్రాన చక్రం తిరగడం మానదు.

మా ఆయన పోయి మూడేండ్లు. ఈ మూడేండ్లూ నా చేనికి సేద్యం కావాలంటే బావ ఎద్దులే దిక్కు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట... "మాది అయిపోనీ, చూస్తాంలే." నల్లరేగడి, గరిక మోకాలెత్తు పెరిగింది. ఇక అడగను.

అత్త టైర్లకు పసుపు కుంకుమ పెట్టింది. పెడుతూనే, "మగదిక్కు లేని కొంపకు ఇంత ఇనుమెందుకే" అని కూడా అంది. రెండూ అత్తే.

మార్చి 8, బుధవారం

ప్రొద్దుటూరు నుంచి శేషయ్య పంతులు వచ్చాడు. పులివెందుల బడిలో నాకు లెక్కలు చెప్పిన పంతులే. రిటైరై ఇప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటు. చెట్టు కింద మంచం వేసి, కళ్ళజోడు తుడుచుకుని, ఫారం అంతా నాకు చదివి వినిపించాడు.

సొంత భూమిలోనే తిరిగితే ఒక రేటు. భూమి దాటి రోడ్డెక్కితే ఇంకో రేటు. "రెండూ తీసుకో తల్లీ, ఎందుకైనా మంచిది." నేనే వద్దన్నాను. వేములలో మా తమ్ముడి చేనుకు తీసుకుపోవాలని ఉంది గానీ అది వచ్చే ఏటి మాట. ఇప్పటికి కళ్ళం దగ్గరి కొట్టం నుంచి నా చేనుకు, చేను నుంచి కొట్టానికి. రోడ్డు ముఖమే చూడదు గదా.

"బండి సొంత భూమి దాటి పోవునా?" అని ఫారంలో ఒక ప్రశ్న. పోదు అన్నాను. రాసుకున్నాడు. సంతకం చేశాను... ఓబుళమ్మ, భర్త కీర్తిశేషులు అని పొడుగ్గా.

మార్చి 15

ట్రాక్టరు తోలడానికి పెట్టుకున్న ఖాసీం తోలుతున్నాడు. ఒడుపైన చెయ్యి. గరిక వేర్లు మోకులంత పొడుగున పైకి లేస్తున్నాయి. గట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా చూశాను. అన్నం తినలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఏప్రిల్ 3, సోమవారం

కడుపు మండిపోతోంది.

బావ చావడిలో అన్నాడంట... "పంపకాలు యాడైనాయప్పా? కాగితముంటే చూపించమనండి. అంతా ఉమ్మడే. ఆయమ్మ దున్నుకుంటాంటే పోనీలే అని ఊరుకున్న్యా. వచ్చే పైరు నుంచి నేనే పెట్టుకుంటా." అత్త విని వచ్చి చెప్పింది.

ఎనిమిదేండ్ల కిందట మామ బతికుండగా, ఇద్దరు పెద్దమనుషుల ముందు గట్టు పోసి, రాళ్ళు నాటి పంచారు. నేనే మజ్జిగ పోశాను వాళ్ళకు. మామ పోయాడు, ఆ ఇద్దరూ పోయారు, మా ఆయనా పోయాడు. పట్టా ఇప్పటికీ మామ పేరునే ఉంది. కాగితం రాద్దామని మా ఆయన అడిగితే "అన్నదమ్ములకు కాగితమేందిరా" అన్నాడు బావ. నేను అడిగాను నాలుగుసార్లు. అంటే తలుపు వెనక నిలబడి, అత్త చేత అడిగించాను. కోడలు బావ ఎదుటపడి మాట్లాడకూడదు గదా మా ఇండ్లలో! పద్నాలుగేండ్లుగా ఆయన ముఖం నేరుగా చూసింది లేదు.

నాకు ఒక్క ఆడపిల్ల. రత్నకు పదకొండేండ్లు. ఉమ్మడి అని తేలితే ఆ చేను బావ చేతిలోకి పోతుంది. మాకు ఏడాదికి నాలుగు బస్తాల జొన్నలు కొలిచి పోస్తాడు, ధర్మానికి పోసినట్టు.

ఏప్రిల్ 4

కాగితం లేదు. చేను ఉంది. దున్నుతున్నాను.

ఏప్రిల్ 20

వేముల నుంచి తమ్ముడి జాబు. "వాళ్ళతో నీకెందుకక్కా, వచ్చేయ్, మా ఇంట్లో ఉందువు." మంచివాడే. వాడి పెండ్లాం కూడా మంచిదే, ఒక నెల రోజులు. పోను.

మే 9, మంగళవారం

నిన్న సాయంత్రం పెద్దవాన. పొద్దున ఖాసీం ట్రాక్టరు తీశాడు. కొట్టం నుంచి నా చేనుకు పోవాలంటే నడుమ బావ చేను, దాంట్లో వానొస్తే పారే వంక అంచునే బండిబాట. వాననీళ్ళకు ఆ అంచు కింద మన్ను కోసుకుపోయింది. పైకి తెలియలేదు. ముందు చక్రం దిగింది, మొత్తం బండి పక్కకు ఒరిగి వంక ఒడ్డున పడింది. ఖాసీం దూకాడు, దేవుడు చల్లగా చూశాడు. మోచేయి విరిగింది, అంతే. అంతే అని రాస్తున్నాను గానీ కేకలు ఇంటిదాకా వినపడ్డాయి.

పరుగెత్తుకుంటూ పోయేసరికి బావ మనుషులు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఒక్కడు దిగలేదు.

మే 10

పక్క ఊరోళ్ళు ఆరు జతల ఎద్దులు కట్టి లాగారు. ముందు ఇరుసు విరిగింది. ఇంజను పగిలి నూనె కారుతోంది. సామాన్లు మద్రాసు నుంచి రావాలంట. చేతిలో చిల్లిగవ్వ లేదు. అమ్మడానికి ఒంటి మీద ఇంకేముంది?

కానీ ఇన్సూరెన్సు ఉంది. ఉంది గదా!

మే 12, శుక్రవారం

శేషయ్య పంతులు వచ్చి వంక దగ్గర నిలబడ్డాడు. "ఇది ఎవరి భూమి తల్లీ?"

అప్పుడు తట్టింది. బావది. ఫారం నింపేటప్పుడు ఈ బాట గుర్తుకే రాలేదు. తాతల నాటి నుంచి బండ్లు పోయే బాట. ఆ బాట ఎవరిదని ఎవరైనా అడుగుతారా! ఇంటి నుంచి బావికి పోయేటప్పుడు ఈ అడుగు నాది, ఈ అడుగు పక్కింటివాళ్ళది అని లెక్క పెడతామా? ఇప్పుడు కంపెనీ లెక్క పెడుతోంది. నా భూమిలో పడితే దుడ్లొస్తాయి. పరాయి భూమిలో పడితే రావు.

పంతులు చాలాసేపు గొడుగు కర్రతో మన్ను గీకాడు. "పట్టా మామ పేరునే ఉంది గదా. ఉమ్మడి భూమి అని ఒక్క ముక్క రాయి. అప్పుడు ఇదీ నీదే అవుతుంది. క్లెయిము పాసవుతుంది."

నా చేత్తో ఉమ్మడి అని రాయాలా? బావ ఎనిమిదేండ్లుగా కాచుక్కూర్చున్న మాట అదే!

"రాయను పంతులూ."

"సరే... ఏమీ రాయకు. ఇన్స్పెక్టరు వచ్చి చూస్తాడు."

మే 16, మంగళవారం

ఇన్స్పెక్టరు వచ్చాడు. కోస్తా మనిషి, ప్యాంటుకు మన్ను అంటుతుందని గట్టు మీదే నిలబడ్డాడు. నేను కొంగు కప్పుకుని తుమ్మచెట్టు వెనక నిలబడ్డాను. బావ పిలవకుండానే వచ్చాడు. మడత నలగని పంచె, భుజం మీద కండువా, కరణాన్ని కూడా వెంటబెట్టుకుని. నాకు దుడ్లు రాకుండా చేసి పోదామని వచ్చాడని నడకలోనే తెలుస్తోంది.

"ఈ భూమి ఎవరిదండీ?"

"నాది సార్. ఎనిమిదేండ్ల కిందట్నే పంచుకున్న్యాం. ఆ గట్టుకు ఆపక్క ఆయమ్మది, ఈపక్క నాది. ఆయమ్మకు ఈడ సెంటు భూమి ల్యా."

ఇన్స్పెక్టరు కాగితం తీశాడు.

"రాసిస్తారా?"

"శానా బాగా రాసిస్తా. యాడ చెయ్యాల సంతకం?"

రాశాడు. హద్దులతో సహా రాశాడు! దక్షిణాన వంక, పడమట గట్టు, గట్టు ఆవల తమ్ముని భార్య ఓబుళమ్మ భాగం అని. సంతకం చేశాడు. కరణం సాక్షి సంతకం. ఎనిమిదేండ్లు బతిమాలినా రాయని కాగితం, నాకు దుడ్లు రాకూడదన్న కచ్చతో ఒక్క గడియలో రాసిచ్చాడు.

నోరు మెదపలేదు. నేను మాట్లాడకపోవడం ఆయనకు వింతగా తోచలేదు, ఎప్పుడు మాట్లాడాను గనక! పోతూ పోతూ నాకు వినపడేట్టు, "ఇప్పుడు యాడ తెచ్చుకుంటుందో చూస్తాం దుడ్లు" అన్నాడు. కరణం ఒక్కడే నా వైపు తిరిగి చూశాడు. ఆ కాగితం నాకెందుకు పనికొస్తుందో ఆయనకు తెలిసినట్టుంది.

మే 17

"ట్రాక్టరు పాయె, దుడ్లు పాయె, నవ్వుతాండావేందే?" అంది అత్త.

చెప్పాను. వక్క నములుతూ నములుతూ ఆగిపోయింది. వాడు ఆమె కడుపున పుట్టినవాడు. ఏమంటుందో అని భయం వేసింది. వక్క ఉమ్మేసి, "ఎవురికీ చెప్పొద్దు. నోరు మూసుకోనుండు" అని లేచిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అది వేరే సంగతి.

మే 22, సోమవారం

ప్రొద్దుటూరు బస్సు. ప్లీడరు దగ్గరికి. విన్నంతసేపు గడ్డం గోక్కుంటూ విన్నాడు. "అమ్మా, ఆ కాగితం నిలబడితే నీ చేను జోలికి ఎవడూ రాలేడు. నీ ట్రాక్టరు కంటే దానికి ఎక్కువ విలువ."

శేషయ్య పంతులు ఇంటికి పోయి నకలు అడిగాను. కంపెనీ తీర్పు చెప్పేదాకా దస్త్రంలోంచి ఏదీ బయటికి ఇవ్వరంట. అదీ ఒక మెలిక.

మే 26, శుక్రవారం

తెలిసిపోయింది బావకు. ప్లీడరు గుమాస్తా నోరు ఊరుకుంటుందా!

మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక. ఎప్పటిలాగే అత్తకు చెబుతున్నట్టు నాకు చెప్పాడు. "అమా, దానికి చెప్పు. నేను మాట మార్చి రాస్తా, ఉమ్మడి అని. దాని దుడ్లు దానికొస్తాయి, ట్రాక్టరు బాగైతుంది. ఇంటి ఆడమనిషిని నష్టపెట్టేవాణ్ణి కాదు నేను."

ఎంత దయ! పది రోజుల కిందట ఏమైందో ఈ దయ.

అత్త నా వైపు చూసింది, ఏం చెప్పమంటావన్నట్టు. నాకు ఏమైందో తెలియదు. తలుపు తోసుకుని బయటికి వచ్చేశాను. ఆయన ఎదుట నిలబడ్డాను. ముఖం చూశాను. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, నాకు తెలియనే తెలియదు.

"బావా, మీరు రాసిచ్చింది నిజమే గదా. నిజాన్ని ఎందుకు మారుస్తారు?"

బావ లేచాడు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు, వెళ్ళిపోయాడు. నేను గడప మీదే కూర్చున్నాను. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. తిట్టలేదు.

మే 29, సోమవారం

శేషయ్య పంతులు. ముఖం వాడిపోయింది. బావ ప్రొద్దుటూరు పోయి ఇన్స్పెక్టరును కలిశాడంట, ఉమ్మడి అని ఇంకో కాగితం ఇచ్చాడంట. ఒక మనిషివే రెండు మాటలు. ఇన్స్పెక్టరు చెప్పింది ఇది... బండి యజమానురాలు ఏమని రాస్తే దాన్నిబట్టి పోతాను. ఉమ్మడి అంటే క్లెయిము పాసు, మొదటి కాగితం కొట్టేస్తారు. బావది అంటే మొదటి కాగితమే ఖాయం, దుడ్లు మాత్రం రావు.

"నీకు లెక్కలు చెప్పినవాణ్ణి తల్లీ. ఈ లెక్క నేను చెప్పలేను."

సాయంత్రం ఖాసీం వచ్చాడు, చెయ్యి మెడకు వేలాడేసుకుని. వాడికీ తెలిసింది. "ఆ దుడ్లు రాకుంటే సామాన్లు యాడొస్తాయి రెడ్డెమ్మా? నాకు తోలేదానికి బండి ఉండొద్దా?" వాడి పిల్లలకు జొన్నలు కట్టిచ్చాను. వాడి ముఖం కళ్ళలోంచి పోవడం లేదు.

మే 31

కొట్టంలోకి పోయి ట్రాక్టరు దగ్గర కూర్చున్నాను. ముందు చక్రం లేదు, ముక్కు నేలకానించి ఉంది. దాన్ని చూస్తే దుఃఖం ఆగలేదు. ఎంత ఆశపడ్డాను!

జూన్ 1, గురువారం

రాశాను.

"ట్రాక్టరు పడిన చోటు నాది కాదు. మా బావగారిది. గట్టు అవతలి నుంచి నాది. పంచుకుని ఎనిమిది సంవత్సరములైనది."

జమ్మలమడుగు పోయి నేనే కంపెనీకి రిజిస్టరు పోస్టు చేసి వచ్చాను. రసీదు పెట్టెలో ఉంది. శేషయ్య పంతులుకు వేరే జాబు... నా బండి మళ్ళీ లేచిన రోజు రెండు రేట్లూ రాయండి, రోడ్డు మీదికీ రాయండి, వేములకే కాదు, కడప దాకా పోతుంది అని. ఏ దుడ్లతో లేస్తుందో నాకు తెలియదు. అయినా రాశాను.

జూన్ 5, సోమవారం

కంపెనీ నుంచి జవాబు లేదు.

పొద్దున లేచి చూస్తే బండిబాటకు అడ్డంగా ముళ్ళకంప. ఈ కొస నుంచి ఆ కొసకు. బావ మనిషి కాపలా కూర్చున్నాడు. "నాదని నీ చేత్తోనే రాసినావంట గదా, నా చేన్లో కాలు పెట్టొద్దని రెడ్డి చెప్పమన్న్యాడు."

ముందు నవ్వొచ్చింది. తరువాత ఒళ్ళు మండింది. ఆయన చేను ఆయనదే, కాదనను. నేనే రాశాను గదా! కానీ ఆ వంక ఎవరిది? ఎవరిదీ కాదు, గవర్నమెంటుది. వంకలో దిగి, ఇసుక మీదుగా పోయి, నా గట్టు దగ్గర ఎక్కొచ్చు. దారి మాత్రం లేదు.

గడ్డపార తీసుకుని దిగాను. ఖాసీం ఒంటిచేత్తో గంపెత్తాడు. పొద్దెక్కాక చూస్తే అత్త, కొంగు నడుముకు దోపుకుని, చలిమిడి ముద్దంత గడ్డలు ఏరి పక్కకు విసురుతోంది. కంప దగ్గరి కాపలావాడు లేచి నిలబడి చూస్తున్నాడు.

ఈరోజుకు ఆరు బారలు తవ్వాం. ట్రాక్టరు పట్టేంత వెడల్పు.