నలభై గౌన్లు, మూడువందల పదిమంది

పిన్నికి నమస్కారాలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనుకుంటాను.

ఫోనులో నీ మాట సగం నీ నోట్లోనే ఉండిపోతుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. విదేశంలో ఫైనాన్స్‌లో మాస్టర్స్ చదవడానికి నాకు రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. డబ్బు ఎలా పుడుతుంది, ఎలా తిరుగుతుంది, ఎక్కడ మునుగుతుంది అని చెప్పే చదువు అది. బీమా ఆఫీసులో నాలుగేళ్ళుగా నేను గుడ్డిగా చేస్తున్న పనికి కళ్ళు వస్తాయి.

ఒకటి పెద్దది. ప్రపంచంలో మూడో ర్యాంకు. ఫీజులో పిసరంత కూడా తగ్గించరు. అప్పు చేసి చదివితే అది తీరేసరికి నాకు నలభై మూడేళ్ళు వస్తాయి. రెండోది చిన్నది. అరవై నాలుగో ర్యాంకు. సగం ఫీజు మాఫీ చేశారు. తక్కిన సగానికి నా పొదుపు దాదాపు సరిపోతుంది.

పెద్దదాని పేరు చెప్పగానే ఆఫీసులో అందరూ కుర్చీల్లోంచి లేచారు. చిన్నదాని పేరు చెబితే అదెక్కడుందని అడిగారు. మనసు పెద్దదాని వైపే లాగుతోంది. కాని అంత అప్పుకి బ్యాంకువాళ్ళు హామీగా నీ రెండు గదుల ఇంటి కాగితాలు అడుగుతున్నారు. నిన్ను అడగడానికి నోరు రాక చేత్తో రాస్తున్నాను. ఎందులో చేరేదీ నెలాఖరులోగా తేల్చి చెప్పాలి.

నీ చేతుల్లో పెరిగిన
గువ్వ

తా.క.: రెండు యూనివర్సిటీల పుస్తకాలూ పంపుతున్నాను. ఇంగ్లీషని భయపడకు, బొమ్మలే ఎక్కువ.

*

చిరంజీవి గువ్వకి పిన్ని దీవెనలు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ పుస్తకంలో పదో పేజీ తిప్పి అలాగే కూలబడ్డాను. నల్లగౌన్లు తొడుక్కుని టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లలు. ఆ గౌన్లు మావే. రెండో పుస్తకంలోవీ మావే. భుజం మీద ఆ రెండు వరసల కుట్టు నాది. పదకొండేళ్ళుగా కుడుతున్నాను కాని వాటిని తొడుక్కున్న మనుషుల్ని చూడడం ఇదే మొదలు. మా కుట్టు కంపెనీలో అవి ఎప్పుడూ తలల్లేకుండా కొక్కేలకు వేలాడుతుంటాయి. వాటికి తలలు మొలిచి నవ్వుతుంటే చేతులెత్తి మొక్కాను. పక్క మిషను ఆవిడ నాకేదో అయిందనుకుని మంచినీళ్ళు తెచ్చింది.

ఇంటి కాగితాలు తీసి దేవుడి అలమరలో పెట్టాను. నీకు పనికిరాని ఇటుకలు నాకెందుకు?

ఒక్కటే సందేహం. ఫైనాన్స్ చదివినవాళ్ళ గౌనుకి మెడ వెనక రాగి రంగు పట్టీ ఉంటుంది. ఆర్డరు పుస్తకం చూశాను. పెద్ద యూనివర్సిటీ ఏటా అలాంటివి నలభై చేయించుకుంటుంది. నీ పుస్తకంలోనేమో ఏటా మూడువందల పదిమంది చేరతారని ఉంది. మరి తక్కిన రెండువందల డెబ్భైమందీ ఏమవుతున్నారమ్మా? చిన్న యూనివర్సిటీలో చేరేది యాభై రెండుమంది. మేం కుట్టేదీ యాభై రెండే.

నేను హైస్కూలుతో ఆపినదాన్ని, నాకు తీసివేతల వరకే వచ్చు. ఆపైన నువ్వే చూసుకో.

ఎప్పుడూ నీ మేలు కోరే
పిన్ని

తా.క.: మూడో ర్యాంకు అని చెబితే మా కటింగ్ మాస్టరు, "అయితే ముందు ఇంకా ఇద్దరున్నారన్నమాట" అన్నాడు. ఆయన మాటలు పట్టించుకోకు.

*

పిన్నికి నమస్కారాలు.

నీ తీసివేత అందింది. ఆ పూట నుంచి అన్నం సహించడం లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మేనేజరుగారి చెవిన వేశాను. ఆయన చెంచా పక్కన పెట్టి, కాలిక్యులేటరు తెప్పించి, నూటికి ఎనభై ఏడుమంది తప్పుతున్నారని తేల్చారు. అకౌంట్స్‌వాళ్ళు గ్రాఫు గీసి గోడకి అంటించారు. సాయంత్రం లిఫ్టు దగ్గర ఎవరో నాకే ఈ కథ చెప్పారు. అప్పటికి మూడువందల తొమ్మిదిమంది తప్పి, ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు.

ఆర్డరు పుస్తకం ఇంకోసారి చూడు పిన్నీ. వాళ్ళకి వేరే దర్జీ ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. ఆ చిన్నదాని సంగతి కూడా నీకు తెలిసినంత రాయి. నలుగురిలో దాని పేరు చెప్పుకోవడానికి నాకు ఏదో ఒకటి కావాలి.

దిగులుతో
నీ గువ్వ

తా.క.: మేనేజరుగారు పట్టా పుచ్చుకున్ననాడు ఆయన గౌను మోకాళ్ళ దాకానే వచ్చిందట. ముప్పై ఏళ్ళయినా మరిచిపోలేదు. అది మీరు కుట్టిందేనా అని అడగమన్నారు.

*

గువ్వకి పిన్ని దీవెనలు.

వేళకి తిను. ఆర్డరు పుస్తకం మళ్ళీ చూశాను. నలభై అంటే నలభయ్యే. వేరే దర్జీ లేడు.

చిన్నదాని సంగతి అడిగావు. పెద్ద యూనివర్సిటీ నుంచి మాకు ఒక్క కాగితం వస్తుంది. పొడుగువి ఇన్ని, మధ్యరకం ఇన్ని, పొట్టివి ఇన్ని అని ఉంటుంది. చిన్నదాని నుంచి యాభై రెండు కాగితాలు వస్తాయి, మనిషికొకటి. పేర్లుండవు, కొలతలుంటాయి. గౌను ఎవరిది వాళ్ళకే ఇచ్చేస్తారట. నిరుడు ఒక కాగితంలో ఎడమ చెయ్యి మోచేతి దాకానే కుట్టి అక్కడ నున్నగా మూసెయ్యమని రాశారు. ఇంకోదానిలో, పట్టా ఇచ్చేనాటికి ఈమెకి ఎనిమిదో నెల వస్తుంది, ముందుభాగం వదులుగా ఉంచండి అని ఉంది. ఆ రెండూ నా మిషను మీదే కుట్టాను. సముద్రాల అవతల ఆఫీసులో కూర్చున్న మనిషికి తమ దగ్గర చదివే పిల్లకి ఎన్నో నెలో తెలుసు. ఆ కుట్టు వేస్తున్నంతసేపూ నా ఒళ్ళు ఝల్లుమంటూనే ఉంది. దేవుడు కూడా మనల్ని ఇలాగే, ఎవరి కొలతకి వాళ్ళని చేసి పంపుతాడు కాబోలు అనుకున్నాను.

నీకు పెద్దదే కావాలంటే సంతకం పెట్టడానికి శుక్రవారం సెలవు అడిగి ఉంచాను. చిన్నదైతే నీ పొదుపుకి తగ్గినంత నేను తీర్థయాత్రకి దాచుకున్న డబ్బులోంచి తీసుకో. ఇన్నేళ్ళు ఆగిన దేవుడు ఇంకో రెండేళ్ళు ఆగలేడా?

నీ
పిన్ని

తా.క.: మోకాళ్ళ దాకా వచ్చే గౌన్లు మేం కుట్టమని మేనేజరుగారికి చెప్పు. ఆయనే వేళకాని వేళ ఎదిగి ఉంటారు.

*

పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ పెద్ద గొడవే అయింది. మా మేనేజరుగారి కొడుక్కి కూడా ఆ పెద్ద యూనివర్సిటీలోనే సీటు వచ్చిందట. నీ లెక్క విన్నాక ఆయన ఇంటికి వెళ్ళి ఆ సీటు వదిలేయించారు. పిల్లవాడు గది తలుపు వేసుకుని ఏడుస్తున్నాడట. వాళ్ళావిడ మాత్రం, మా బిడ్డ బతుకు కాపాడిన దేవత అని నీ ఫోటో అడుగుతోంది. చట్రం కట్టించి హాల్లో పెట్టుకుంటుందట.

నాకు నాలుగు రోజులే గడువు. ఏం చెయ్యమంటావు?

నీ
గువ్వ

తా.క.: ఫోటో నిలువుదయితే బాగుంటుందన్నారు.

*

నా తల్లి గువ్వకి,

ఫోటో పంపవద్దు. నిన్నటి నుంచి ప్రార్థనకి కూర్చుంటే మధ్యలోనే నోరు ఆగిపోతోంది.

పెద్దదానిలో ఎవరూ తప్పడం లేదమ్మా. వాళ్ళు గౌన్లు అద్దెకిస్తారు. పొద్దున ఒకరు తొడుక్కుంటారు, మధ్యాహ్నం ఇంకొకరు, వచ్చే ఏడాది వేరేవాళ్ళు. చిరిగినవాటి బదులు ఏటా నలభై కొత్తవి చేయించుకుంటారు. ఈ సంగతి నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నేను అబద్ధం ఆడలేదు, ప్రశ్న మాత్రమే అడిగాను. ఈ మాట దేవుడికీ చెప్పి చూశాను. ఆయన ఒప్పుకున్నట్టు లేదు.

గదులు పోతాయని కాదు. నలభై మూడేళ్ళు అని నువ్వు రాసిన చోట నా చూపు ఆగిపోయింది. అంతవరకు ఏ ఉద్యోగం చేదుగా ఉన్నా నువ్వు ఉమ్మెయ్యలేవు. వద్దని నేనంటే హైస్కూలు పిన్నికేం తెలుసు అనుకుంటావని, ఆ మాట లెక్క చేత అనిపించాను. చిన్నదాని గురించి రాసింది మాత్రం ప్రతి అక్షరం నిజం.

ముందు పరుగున వెళ్ళి ఆ పిల్లవాడి సీటు నిలబెట్టు. తరవాత నీ ఇష్టం వచ్చినదే ఎంచుకో. ఏదైనా సరే, కాగితాలు పట్టుకుని వస్తాను.

తప్పు చేసిన
పిన్ని

తా.క.: మేనేజరుగారి గౌనుకి కింద అంచు వేసి పంపమంటే ఊరికే వేసి పెడతాను.

*

పిన్నికి వెయ్యి నమస్కారాలు.

ఈ ఉదయం చిన్న యూనివర్సిటీకి వస్తున్నానని రాసేశాను. ఇల్లు నీదే, కాగితాలు మళ్ళీ పెట్టెలో పెట్టు. యాత్ర డబ్బు ముట్టుకోకు. ఆ కాస్తా ఆఫీసు సొసైటీలో అప్పు దొరికింది, చదువయ్యాక ఏడాదిలో తీరిపోతుంది.

ఇప్పుడు నా తప్పు విను. నీ తీసివేత అందిన రోజే నేను పెద్ద యూనివర్సిటీకి ఈమెయిలు రాసి అడిగాను. టీ చల్లారేలోగా జవాబు వచ్చింది. గౌన్లు అద్దెవని చెప్పి, అద్దె ఎంతో కూడా పంపారు. నేను నోరెత్తలేదు. నీ ఇంటి కాగితాలు అడుగుతూ ఆ ఉత్తరం డబ్బాలో వేసిన క్షణం నుంచే సిగ్గుతో చస్తున్నాను. వద్దులే అంటే నువ్వు వినవు, కాగితాలు సంచిలో వేసుకుని బస్సెక్కుతావు. అందుకే నువ్వే గెలిచావని నిన్ను అనుకోనిచ్చాను.

కూరగాయల తూకంలో నీ వైపు మొగ్గినా తిరిగి ఇచ్చేసే మనిషివి, నా కోసం లెక్కలో ఇంత మెలిక ఎలా పెట్టావా అని ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. వాళ్ళు రెండేళ్ళు నేర్పబోయేది నువ్వు ఒక్క ఉత్తరంలో నేర్పేశావు. ఎవరైనా అంకె చూపిస్తే, ముందు దాని వెనక ఉన్న మనిషిని చూడాలి.

భుజం పదిహేను అంగుళాలు, చెయ్యి ఇరవై మూడు, పొడుగు యాభై. ఇంకో రెండేళ్ళకి ఈ కాగితం నీ మిషను మీదికి వస్తుంది. దాని మీద పేరుండదు. నువ్వే గుర్తుపట్టాలి.

నీ కొలతకే తయారైన
గువ్వ

తా.క.: ఏ పరాయి బిడ్డకో నష్టం జరిగితే తప్ప నువ్వు నిజం ఒప్పుకోవని నాకు తెలుసు. మా మేనేజరుగారికి ఇంకా పెళ్ళే కాలేదు.