మోకాళ్ల మీద మొదలాళి

విరుదునగరం, 1934 ఏప్రిల్ 11

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి ఫాదర్ బెర్నార్డ్ కబురు పంపాడు. మాత కోవెలలో బలిపీఠం వెనక గోడ మీద బొమ్మ వెయ్యాలట. ఖర్చు పెట్టేది పత్తి ఫ్యాక్టరీ యజమాని, కుళందైసామి మొదలాళి. ఆ పేరు వినగానే కుంచె కింద పెట్టేశాను. నాటకం కంపెనీ కర్టెన్ మీద దర్బారు సగంలో ఉండిపోయింది.

పోయిన ఏడు మా అమ్మ పెరియనాయగి శవపెట్టెను కోవెల వాకిట్లో ఆపించినవాడు ఆయనే. ఆయన జిన్నింగ్ ఫ్యాక్టరీలో పత్తి దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి చచ్చిన మనిషి ఆమె. మా వీధి శవాలు ముందు వాకిలి గుండా లోపలికి రాకూడదట. పెట్టెను ఎండలో దించి నిలబడ్డాం. ఫాదర్ బయటికొచ్చి, తలెత్తకుండా నాలుగు ప్రార్థనలు చదివి పోయాడు. నాయన తన తుండుగుడ్డ తీసి పెట్టె మీద కప్పాడు, ఆమెకు ఎండ తగులుతుందని. అది మరిచిపోతే నేను మనిషినే కాను.

పని ఒప్పుకుంటాను. ఎందుకో ఎవరికీ చెప్పను.

కోవిల్‌పట్టి, ఏప్రిల్ 19

పనివాడిగా ముందు వాకిలి గుండా పోవచ్చట. భక్తుడిగా పోకూడదు.

ఫాదర్ తన గదిలో పెద్ద పుస్తకం తెరిచాడు. ఇటలీ బొమ్మలు. నాలుగైదు వందల ఏళ్ల కిందట అక్కడి షావుకార్లు, ప్రభువులు కోవెల గోడలకి డబ్బు పెట్టి, మాత పాదాల దగ్గర మోకరించినట్టు తమను కూడా గీయించుకునేవారట. మొదలాళి పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఒక బట్టతల షావుకారు మీద వేలు పెట్టి, తనను అచ్చంగా ఇట్లా గీయాలని అరవంలో అన్నాడు. నేను ఎవరి కొడుకునో అడగలేదు.

ఆయన పోయాక ఫాదర్ కటాంజనం సంగతి నసిగాడు. కోవెల మధ్యలో అడ్డంగా ఒక కొయ్య కటాంజనం ఉంది. మా వీధి జనం దాని వెనకే నిలబడాలి. దాన్ని తీసేస్తానని కిందటేడు ఫాదరే అన్నాడు. తీస్తే వేరే మిషన్‌కి పోతామని మొదలాళి మనుషులు బెదిరించారు. ఓపిక పట్టమని బిషప్పు రాశాడు. కోవెల కప్పు సగంలో ఆగి ఉంది. ఆ కప్పు కోసం ఫాదర్ నోరు మూసుకున్నాడు. ఆయన మీదా నాకు కోపమే, కాకపోతే వరసలో రెండోవాడు.

ఏప్రిల్ 20

గిట్టనివాళ్లని నరకంలో గీసేవాళ్లు కూడా ఉండేవారట ఇటలీలో. ఫాదర్ నవ్వుతూ చెప్పాడు. నరకంలో గీస్తే ఒక రోజు నవ్వుకుంటారు, మర్నాడు సున్నం కొడతారు. మోకాళ్ల మీద నిలబెడితే? అదీ ఆయన డబ్బుతో, ఆయన అడిగితేనే! ఎవరి ముందు మోకరించాలో మాత్రం నా చేతిలో ఉంది.

విరుదునగరం, మే 6

మొదలాళికి ఇక్కడ కూడా ఉన్న బంగళాలో స్కెచ్. కుడి కంటి రెప్ప కొంచెం వాలి ఉంటుంది. పెదవి చివర వక్క మరక. చెవి మీద వెంట్రుకలు. కదలకుండా కూర్చోమంటే చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు.

నా గదికొచ్చి కాగితం చూడకుండా గోడ మీద బొగ్గుతో గీశాను. అచ్చు దిగింది. ఇక రోజూ గీస్తాను. కట్టుకున్న పెళ్లాం ముఖాన్ని కూడా ఎవరూ ఇంతగా చూడరు.

కోవిల్‌పట్టి, మే 27

మా గురువు అళగర్సామి నేర్పిన పద్ధతిలోనే వేస్తున్నాను. సున్నాన్ని కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి మెత్తగా నూరి, ఆ పూట గీయగలిగినంత మేరకే పూసి, తడి ఆరకముందే రంగు వెయ్యాలి. ఆరితే రంగు గోడలో కలిసిపోతుంది. కడిగితే పోదు, ఉలితో చెక్కాల్సిందే. ఈ సంగతి ఫాదర్‌కి వివరంగా చెప్పాను. మొదలాళికి ఇంకా వివరంగా చెప్పాను. తన బొమ్మ శాశ్వతంగా ఉంటుందని మురిసిపోయాడు.

జూన్ 11

ఈ పూట మాత ముఖం, అంటే అమ్మ.

మా వీధిలో ఎవరికీ ఫోటో లేదు. ఉన్నదంతా నా తలలోనే. ఎత్తు దవడలు. ఫ్యాక్టరీలో బెల్టు తెగి తగిలినప్పుడు కనుబొమ మీద పడిన మచ్చ. ఏదో అడగబోయి మానేసినట్టుండే కళ్లు. తడి ఆరేలోపు అంతా అయిపోవాలి, దిద్దుకునే వీలు లేదు. మధ్యాహ్నానికి ఆమె గోడ మీద నుంచి నన్ను చూసింది. పరంజా మీదే కూలబడి బావురుమన్నాను.

ఆ తర్వాత ఆమె కాళ్ల దగ్గర నేను ముందే గీసిపెట్టిన మొదలాళిని చూసి పగలబడి నవ్వాను.

జూన్ 12

మొదలాళి వచ్చి చూశాడు. ఎంత పవిత్రమైన ముఖమో, ఎక్కడ దొరికిందని అడిగాడు. ఊహించానన్నాను. పెళ్లయిన నాటి నుంచి చచ్చేదాకా అమ్మ ఆయన ఫ్యాక్టరీలోనే పత్తి ఏరింది. ఆ ముఖం ఆయనకి తెలియదు.

జూన్ 17, ఆదివారం

కటాంజనం వెనక నుంచి చూస్తే స్తంభం అడ్డం. మా వాళ్లెవరికీ బొమ్మ కనపడదు. నా రహస్యానికి ఆయన పెట్టించిన కటాంజనమే కాపలా కాస్తోంది.

ఇంట్లో అన్నం తింటూ నాయన అన్నాడు, మాత శానా బాగుండాదంట గదరా, మా కండ్లకి స్తంబమే మాత అని. ముద్ద కలుపుతూ, మీయమ్మ ముకం ఒక్కతూరి చూడాలనుండాదిరా అన్నాడు. చెల్లెలు సెల్లత్తాయి కళ్లు తుడుచుకుంది. చెప్పేద్దామనుకున్నాను. కంచం పట్టుకుని లేచిపోయాను. చెబితే ఆయన ఆగడు. బిషప్పు ఆశీర్వదించే దాకా ఎవరికీ తెలియకూడదు.

సెప్టెంబర్ 8

మాత పుట్టినరోజు పండుగ. బిషప్పు తీర్థం చల్లి బొమ్మను ఆశీర్వదించాడు. ముందు దీపం వెలిగించారు. మొదలాళి అందరికన్నా ముందు మోకరించి, నుదురు నేలకి ఆనించి, తాయే అన్నాడు, అరవంలో తల్లీ అని.

చూశావా అమ్మా.

సెప్టెంబర్ 9

చెప్పేశాను. పూజ అయ్యాక, కోవెలలో ఆయన ఒక్కడే ఉన్నప్పుడు. ఎండలో ఆపించిన పెట్టెలో ఉన్నది ఈమేనన్నాను. ఆయన నవ్వాడు. నమ్మకపోతే మీ ఫ్యాక్టరీలో ఎవరినైనా అడగండి అన్నాను. బయట ఉన్న ఫ్యాక్టరీ మేస్త్రీ వెళ్ళైసామిని లోపలికి పిలిచాడు. వెళ్ళైసామి గోడ వైపు చూసి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. పెరియనాయగక్క గదా సామీ అన్నాడు.

ఆ క్షణంలో మొదలాళి ముఖం ఎలా మారిందో నేను అన్నం మానేసి తలుచుకోగలను.

సెప్టెంబర్ 13

గోడ చెక్కించాలని మొదలాళి పట్టు. బిషప్పు ఆశీర్వదించినదాన్ని ముట్టకూడదని ఫాదర్. కప్పు ఆగిపోతుంది, కోవెల బడి మూతబడుతుందని మొదలాళి. ఫాదర్‌కి ఉన్నట్టుండి తూత్తుకుడిలో అర్జెంటు పని తగిలింది. ట్రైన్ ఎక్కేశాడు.

విరుదునగరం నుంచి తాపీవాళ్లని రప్పించారు. దీపం వెలిగిన మాత మీద ఉలి పెట్టబోమని, సంచి కూడా విప్పకుండా వెళ్లిపోయారు. ఈ ఊళ్లోనూ ఎవరూ పెట్టరు. ఇక మిగిలింది ఆయన చెయ్యే. మాత మీద లేచిన చేతిని ఆయన వాళ్లే అంటుకోరు. ఎత్తు మొదలాళీ, ఎత్తు.

సెప్టెంబర్ 16, ఆదివారం

వెళ్ళైసామి నోరు ఊరుకోలేదు. పొద్దున్నే మా వీధి వీధంతా ముందు వాకిలి గుండా లోపలికొచ్చింది. ఎవరూ ఆపలేదు, అందరూ గోడ వైపే చూస్తున్నారు. మొదలాళి ఉలి, సుత్తి పట్టుకుని పరంజా మీద ఉన్నాడు. ఆయన తల్లి పాపమ్మాళ్ కింద నిలబడి, మాతరా, దిగరా అని అరవంలో ఏడుస్తోంది.

నాయన కటాంజనం దాటాడు, స్తంభం దాటాడు. తలెత్తి చూశాడు. సామీ, రవ్వసేపు నిల్లండి, ఈమె ముకం చూసి ఏడాదైపోయింది, కండ్లార చూసుకోనీండి, ఆమీద కొట్టుకోండి అన్నాడు. బతిమాలినట్టు కాదు. రైల్లో పక్కకి జరగమన్నట్టు మామూలుగా అడిగాడు.

మొదలాళి ఆగాడు. నిజంగానే ఆగాడు. సుత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఇంకో నిమిషముంటే ఆయన పరంజా దిగేసేవాడు. నా పగ అక్కడితో చల్లారిపోయేది.

కూలిదాని ముఖానికి భయపడ్డారా మొదలాళీ అని గట్టిగా అరిచాను.

కొట్టాడు. ముందు నోటి మీద. తర్వాత కళ్లు. సున్నం పెళ్లలు నాయన తల మీద రాలాయి. పాపమ్మాళ్ ఆ సున్నమే దోసిట్లోకి ఎత్తి, శాపనార్థాలు పెడుతూ కొడుకు మీదికి విసిరింది. నాయన గోడ వైపు చూడడం లేదు. నా వైపు చూస్తున్నాడు.

సెప్టెంబర్ 23

మొదలాళి పూజకి రాలేదు. ఆయన కూర్చునే బల్ల మీద ఆయన వాళ్లే కూర్చోలేదు. ఫాదర్ తిరిగొచ్చి, అదంతా తన ధైర్యమే అయినట్టు కటాంజనం ఊడబీకించాడు. గోడ మీద మొదలాళి ఇంకా మోకరించే ఉన్నాడు, ముందు పెద్ద గుంట. గెలిచాను. కడుపు నిండినట్టుంది.

నాయన నాతో మాట్లాడడం లేదు.

అక్టోబర్ 2

సెల్లత్తాయి బతిమాలింది. నాయన సరిగా తినడం లేదట, కాగితం మీదన్నా అమ్మను గీసిమ్మంది. పొద్దుటి నుంచీ గీస్తున్నాను.

ఎన్నిసార్లు గీసినా కుళందైసామి మొదలాళి ముఖమే వస్తోంది.