వంకర సంతకం

వదినా,

ఈ రోజు మనురేవాలో మన వీధి చివరి స్కూల్లో ఓటు వేసి వచ్చాను. కాగితం పెట్టెలో వేశాక, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపి నిలబడ్డాను. "అమ్మమ్మా, ఇక్కడ ఇంక్ పెట్టరు, లెట్స్ గో" అని మనవరాలు నవ్వింది.

నిన్న అదే నాకు ఫోన్లో ఒక పాత అర్జీ చూపించింది. ఆడవాళ్ళకి ఓటు కావాలని ఈ దేశంలో ఒకప్పుడు పెట్టుకున్నది. ఓడలెక్కి వలస వచ్చిన ఆడవాళ్ళు ఎందరో అందులో సంతకాలు చేశారట. కొన్ని వణికి, గీత దాటి కిందికి జారాయి. "ఇవి చెల్లాయా?" అన్నాను. "వై నాట్?" అంది.

మనకు రెసిడెన్సీ వచ్చిన ఏడాదికి ఇద్దరి ఓటరు ఫారాలూ నేనే నింపాను. "ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళం, మనకెందుకే ఓటు?" అంటూనే నువ్వు సంతకం పెట్టావు. అది వంకరగా ఉందని నేను నీ ఫారం పంపలేదు. "పంతులమ్మా, ఓటుకి కూడా దస్తూరీ చూస్తారుటే?" అని గొణుగుతూ, మీ తమ్ముడి పాత డైరీలో రోజూ నీ పేరు దిద్దావు. ఆ డైరీ సగంలో ఉండగానే కన్నుమూశావు.

ఇంటికొచ్చి సొరుగులోంచి నీ ఫారం తీశాను. నీ పేరు ఎవరైనా చదవగలిగేలాగే ఉంది.